‘మ్యాంగో’ మాట ఎక్కడిది?

ప్రశ్న: మా మార్కెట్ యార్డు నుంచి ఫ్యాక్టరీకి వెళ్లే తోతాపురి, గుజ్జు డబ్బాలో పడగానే ‘మ్యాంగో’ అవుతుంది. ఇది ఇంగ్లీషు మాటేనా?
– ఒక రైతు, బంగారుపాళ్యం

జవాబు: పుట్టుక దక్షిణాదిదే. తమిళంలో ‘మా’ అంటే మామిడిచెట్టు. దాని కాయ ‘మాంగాయ్’, మలయాళంలో ‘మాంగ’. మన ‘మావి’, ‘మామిడి’ కూడా ఈ కుటుంబానివే. 1498లో కేరళ తీరం చేరిన పోర్చుగీసువారు దాన్ని ‘మంగ’ అన్నారు. వారి ద్వారా 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకెక్కింది.

నెలల ఓడ ప్రయాణానికి పండు ఆగదు కదా! ఇంగ్లండుకు చేరింది ఊరవేసిన కాయే. దాంతో అక్కడ ‘మ్యాంగో’ అంటే ఊరగాయ అనే అర్థమూ వచ్చింది. 18వ శతాబ్దపు వంటపుస్తకాల్లో దోసకాయ గింజలు తీసి, ఆవాలు, వెల్లుల్లి కూరి వెనిగర్‌లో ఊరేస్తే అదీ ‘మ్యాంగో’యే.

అమెరికాలో కొన్నిచోట్ల పాతతరంవాళ్లు క్యాప్సికంనూ అలాగే పిలిచేవారు.