నిప్పు తెలియని తెలివి

గిరిసోల

చి. అమ్మలుకి తాతయ్య దీవెనలు.

బరంపురం హాస్టల్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. గ్రహాంతరవాసులు ఉన్నారా అని సూటిగా అడిగావు. ఉండే ఉంటారని నా నమ్మకం. రుజువు మాత్రం ఇంతవరకు ఒక్కటీ లేదు. ఈ రెండింటినీ కలిపేయకు తల్లీ.

భూమి సంగతే చూడు. ఇక్కడ ప్రాణం పుట్టి 350 కోట్ల ఏళ్లు దాటింది. అందులో ఎక్కువ కాలం కంటికి కనబడని సూక్ష్మజీవులదే. మనకు రేడియో వచ్చి నూట ముప్ఫై ఏళ్లు అటూ ఇటూ. అందుకే బయట ఎక్కడైనా ప్రాణి దొరికితే అది ముందు సూక్ష్మజీవే అయ్యుంటుందని నా లెక్క. 2005లో శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ వాళ్లు హైదరాబాదు నుంచి బెలూన్ ఎగరేసి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చారు. అందులో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయి. అవి అంతరిక్షం నుంచే వచ్చాయని తేల్చడానికి ఇది చాలదని వాళ్లే ఒప్పుకున్నారు. నువ్వు నేర్చుకోవలసింది ఆ నిగ్రహం.

తెలివైన ప్రాణులంటే నాకు చిలికా సరస్సు డాల్ఫిన్లు గుర్తొస్తాయి. చిన్నప్పుడు పడవలోంచి చూసి ఆ గుండ్రటి తలలకు చేతులూపావు. వాటికి ఎంత తెలివున్నా నీళ్లలో నిప్పు రాజేయలేవు. నిప్పు లేనిదే లోహం కరగదు, లోహం లేనిదే రేడియో లేదు. శని చందమామ ఎన్సెలడస్ మీద మంచు పెంకు కింద సముద్రముంది. అలాంటి చోట ఆలోచించే ప్రాణులున్నా మన యాంటెన్నాలకు అందవు. 1960 నుంచి వెతుకుతున్నా ఒక్క పలుకూ వినబడలేదని దిగులుపడ్డావు. ఆ వెతుకులాట చాలావరకు రేడియో ఉన్నవాళ్ల కోసమే కదా! అందుకే నువ్వు ఉత్తరంలో ఫిజిక్స్ పట్టుకుని బయాలజీ వదిలేస్తానంటే నాకు మనసొప్పలేదు.

ఇంకో మాట. మనకు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. 1977లో రెండు వాయేజర్ నౌకలు తీసుకెళ్లిన బంగారు పూత రికార్డుల్లో 55 భాషల పలకరింపులున్నాయి. తెలుగుంది, ఒడియా కూడా ఉంది. వాయేజర్ 1 ఇప్పుడున్న చోటికి వెలుగు చేరాలంటేనే దాదాపు ఒక రోజు. అది ఇంకో నక్షత్రం దరిదాపులకు పోవాలంటే 40 వేల ఏళ్లు. రాత్రి డాబా మీద పడుకుంటే, మన రెండు భాషలూ ఆ చీకట్లో పక్కపక్కనే పోతున్నాయన్న తలపుతో నాకు నిద్ర పట్టదు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు నీ బయాలజీ పుస్తకం తెచ్చుకో. తెల్లారకముందే చిలికాకి బయల్దేరదాం.

మీ తాతయ్య