రాళ్ల గుట్ట నేర్పిన పాఠం

నల్లగొండ అనగానే కరువు, ఫ్లోరైడు నీళ్లు, సాయుధ పోరాటం గుర్తుకొస్తాయి. నేనూ అంతవరకే ఎరుగుదును. ఫణిగిరి చూసి వస్తానంటే మా మేనమామ నవ్వి, "ఏమున్నదిరా ఆడ, రాళ్లు తప్ప?" అన్నాడు. ఆయనకు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డుకు దగ్గరలో, బిక్కేరు వాగు ఒడ్డున ఉన్నది ఈ గుట్ట. పాము పడగవలె కనబడుతుంది గనుక ఆ పేరు. 2016 దాకా నల్లగొండ జిల్లాలోనిది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో చేరింది. నిజాం కాలంలో, 1940లలో, పురావస్తు శాఖవారు మొదట పరిశోధించారు. 2001 తర్వాత తిరిగి తవ్వగా మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, చెక్కడపు తోరణం బయటపడ్డాయి.

ఇంత మారుమూల భిక్షువులకేం పని అని నాకు సందేహం కలిగింది. నిజానికి ఆనాడిది మారుమూల కాదు. తూర్పున మచిలీపట్నం తీరం, పడమట తేర్, పైఠాన్ పట్టణాలు. నడుమ వర్తకుల దారులు ఈ మెరక నేల మీదుగానే సాగేవి. భిక్షువుకు భిక్ష కావాలి, వానాకాలం ఒకచోట నిలవాలి. వర్తకునికి మజిలీ కావాలి, దానపుణ్యమూ కావాలి. అందువల్లనే ఊరికి మరీ దగ్గర కాకుండా, దారికి దూరం కాకుండా విహారాలు వెలిశాయి. గాజులబండ, తిరుమలగిరి, వర్ధమానుకోట ఈ చుట్టుపక్కలవే.

సాక్ష్యం కావాలా? 2024లో ఇక్కడ ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం ప్రకారం, ఇక్కడ ధర్మచక్రం నిలిపినవాడు ఒక ప్రధాన వైద్యుడు. రాజులే కాదు, వృత్తి చేసుకొని బతికినవారూ ఈ గుట్టను నిలబెట్టారు.

2023లో ఇక్కడి తోరణ శిల్పం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు పోయింది. మనలో ఎందరం గుట్ట ఎక్కి చూశాం?

నాగార్జునసాగర్ కట్టినప్పుడు కృష్ణ ఒడ్డున మన ఏలేశ్వరం మునిగింది. ఆ నీళ్లే పొలాలు తడుపుతున్నవి, కాదనలేం. కాని గట్టున మిగిలినవాటిని పోగొట్టుకుంటే ఏ సాకు చెబుతాం?

మిత్రులారా! మీ ఊరి దిబ్బ మీద పెద్ద పాత ఇటుకలో, చెక్కిన రాయో కనబడితే గోడలోకి పోనివ్వకండి. ఎక్కడున్నదో రాసుకొని పురావస్తు శాఖకు తెలపండి. ఈ సెలవులకు నేను మళ్లీ పోతున్నాను, ఈసారి మామను కూడా వెంటబెట్టుకొని.