పాల్ మేయర్: వైద్య పరిశోధనకు లెక్క నేర్పిన గణాంకవేత్త

అమెరికా జీవ గణాంకవేత్త పాల్ మేయర్ (1924–2011) ప్రిన్స్‌టన్‌లో జాన్ టూకీ శిష్యుడు. జాన్స్ హాప్కిన్స్, షికాగో, కొలంబియా విశ్వవిద్యాలయాల్లో బోధించారు. ఎడ్వర్డ్ కాప్లాన్‌తో కలిసి 1958లో వెలువరించిన వ్యాసం ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చింది. ఇద్దరూ విడివిడిగా దాదాపు ఒకే పద్ధతిని రాసి పంపితే, కలిపి ఒకే వ్యాసంగా ఇమ్మని సూచన వచ్చింది.

ఆ పద్ధతి దేనికో చూద్దాం. క్యాన్సర్ మందును పరీక్షిస్తున్నప్పుడు కొందరు రోగులు మధ్యలో రావడం మానేస్తారు, కొందరు అధ్యయనం ముగిసేనాటికి బతికే ఉంటారు. వీరి సమాచారాన్ని సెన్సార్డ్ డేటా అంటారు. వీరిని చనిపోయినవారిగా లెక్కించినా, జాబితా నుంచి తీసేసినా ఫలితం తప్పుతుంది. అందుకే కాప్లాన్-మేయర్ పద్ధతి ప్రతి రోగినీ చివరిగా చూసిన రోజు వరకు లెక్కలో ఉంచుతుంది. ఉదాహరణకు, పదిమందిలో ఒకరు మరణిస్తే మనుగడ 9/10. తర్వాత ఒకరు రావడం మానేశారు. మిగిలిన 8 మందిలో మరొకరు మరణిస్తే 7/8. రెంటినీ గుణిస్తే 0.7875, అంటే సుమారు 79 శాతం.

రోగులను చికిత్సా బృందాలుగా యాదృచ్ఛికంగా విభజించాలని మేయర్ జీవితాంతం పట్టుబట్టారు. నా దృష్టిలో రోగులకు ఆయన చేసిన అతిపెద్ద మేలు ఇదే.

మనుగడను అంచనా వేసే ఇదే రంగంలో బ్రిటన్‌కు చెందిన గణాంకవేత్త డేవిడ్ కాక్స్ 1972లో ప్రపోర్షనల్ హజార్డ్స్ నమూనాను ప్రతిపాదించారు. 2017లో తొలి అంతర్జాతీయ గణాంక బహుమతి ఆయనదే. 2023లో అదే బహుమతి మన గణాంకవేత్త సి.ఆర్.రావుకు దక్కింది.