పేరు తప్పితే పురుగూ తప్పింది

శాస్త్రీయ నామాలు బట్టీ పట్టడం దండగని ఇంటర్‌లో బైపీసీ చదివేటప్పుడు నేనూ అనుకున్నాను. సాల్వీనియా కథ తెలిశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

సాల్వీనియా నీటిపై తేలే ఫెర్న్. చిన్న ముక్క తెగినా కొత్త మొక్కవుతుంది. 1959లో ఆఫ్రికాలోని కరీబా జలాశయంలో కనిపించి, 1962 నాటికి సుమారు 1000 చదరపు కిలోమీటర్లు కమ్మేసింది. శాస్త్రవేత్తలు దీన్ని సాల్వీనియా ఆరిక్యులేటా అనుకుని, ఆ మొక్కను తినే పురుగుల్ని ట్రినిడాడ్ నుంచి తెచ్చి ఆఫ్రికాలో వదిలారు. ఫలితం లేకపోయింది.

1972లో మిచెల్ అనే శాస్త్రవేత్త ఇది వేరే జాతి అని తేల్చి, సాల్వీనియా మోలెస్టా అని పేరు పెట్టారు. 1978లో దాని పుట్టిల్లు ఆగ్నేయ బ్రెజిల్‌లో దొరికింది. అక్కడి ముక్కుపురుగును 1980లో ఆస్ట్రేలియాలోని మూండరా సరస్సులో వదిలితే, ఏడాదిన్నర తిరగకముందే వేల టన్నుల కలుపు నాశనమైంది. పురుగు సైజు చూస్తే రెండు మిల్లీమీటర్లు! పెద్ద పురుగులు మొగ్గల్ని కొరుకుతాయి, పిల్లపురుగులు కాండాన్ని తొలుస్తాయి. మొక్క కుళ్ళి మునిగిపోతుంది. తమాషా ఏమిటంటే, ఆ పురుగునూ మొదట పాత జాతే అనుకున్నారు. అది కొత్తదని 1985లో తేలింది.

కేరళలో ‘ఆఫ్రికన్ పాయల్’ పేరుతో కుట్టనాడు వరిపొలాలను, పడవదారులను కప్పేసింది ఈ మొక్కే. పంటలను ముట్టదని పరీక్షించాకే అక్కడ 1983-84లో పురుగును వదిలారు. కొన్నేళ్ళలో కాలువలు తెరుచుకున్నాయి.

మన చెరువుల్లోని గుర్రపుడెక్కకు ఇది పనికిరాదు. దానికి నియోకెటినా అనే వేరే ముక్కుపురుగులున్నాయి. వాటినీ 1980లలోనే మన దేశంలో వదిలారు. కానీ మురుగు కలిసే చెరువుల్లో అవి తినేదానికంటే మొక్క పెరిగేదే ఎక్కువ.