కంప్యూటరుకు జమాబందీ

అమెరికాలోని తెలుగు కుటుంబాల పెళ్ళి ఫోటోలు, తాతగారి కంఠస్వరం, పిల్లల తొలి నాట్యప్రదర్శన వంటివి నేడు చాలావరకు కంప్యూటరు డిస్కులలోనే ఉంటున్నవి. ఆ డిస్కును గడువు ప్రకారం తనిఖీ చేసే ఏర్పాటు యంత్రంలోనే ఉన్నది. అది ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలిసికొనుట ప్రతి గృహస్థునకు అవసరం.

డిస్కు ఒక గిడ్డంగి వంటిది. సమాచారం అందులోని చిన్న గళ్ళలో నిల్వ ఉంటుంది. ఏ ఫైలు ఏ గళ్ళలో ఉన్నది, ఏ గళ్ళు ఖాళీ అన్న వివరాలు ఒక చిట్టాలో ఉంటాయి. ఈ ఏర్పాటునే ఫైల్ సిస్టమ్ అంటారు. ఒక్క ఫైలు రాయడానికి చిట్టాలో పలుచోట్ల మార్పులు చేయాలి. అవి సగంలో ఉండగా కరెంటు పోతే, నిండిన గడి ఖాళీ అని నమోదై ఉండవచ్చును. తరువాత అందులో కొత్త ఫైలు చేరితే పాతది నశిస్తుంది.

ఈ చిక్కును సరిదిద్దేందుకు యూనిక్స్ వ్యవస్థకై టెడ్ కోవాల్‌స్కీ ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రామును రాశారు. 1983లో వెలువడిన బర్కిలీ యూనిక్స్‌లోని కొత్త ఫైల్ సిస్టమ్‌కు అనుగుణంగా దానిని మార్చారు. అది గళ్ళను, ఫైళ్ళ పేర్లను, వాటి సంబంధాలను వరుసగా సరిచూస్తుంది. పేరు తెగిపోయిన ఫైళ్ళను 'పోయి దొరికినవి' అనే అర్థమిచ్చే ప్రత్యేక సంచికలో ఉంచుతుంది.

డిస్కులు పెరిగేకొద్దీ ఈ తనిఖీకి పట్టే సమయమూ పెరిగింది. అందుచేత, చేయబోయే మార్పును ముందుగా ఒక దినచర్యలో రాసుకొనే పద్ధతి వచ్చింది. 2001లో లినక్స్‌లో చేరిన ఎక్స్‌ట్‌3 అట్టిదే. కరెంటు పోయినా ఆ దినచర్యను చూచి మిగిలిన పని పూర్తిచేయవచ్చును. అయితే డిస్కు లోపాలు, మెమరీ లోపాలు, ప్రోగ్రాముల తప్పులు దీనికి లొంగవు. గడువు తనిఖీ అందుకే అవసరం.

ఎక్స్‌ట్ తరహా ఫైల్ సిస్టమ్‌లలో గడువు రెండు విధాలు: ఇన్నిసార్లు వాడిన తరువాత, లేదా ఇన్ని రోజుల తరువాత. ఏది ముందైతే అప్పుడు తనిఖీ. ఒకప్పుడు 180 రోజుల గడువు దానంతటదే ఉండేది. 2011 నుండి కొత్త ఫైల్ సిస్టమ్‌లకు ఆ ఏర్పాటు లేదు. ట్యూన్‌టూఎఫ్‌ఎస్ అనే ఆదేశంతో యజమానియే నిర్ణయించుకోవాలి. డిస్కులు పలు ఉంటే, అన్నీ ఒకేనాడు తనిఖీకి రాకుండా వేర్వేరు సంఖ్యలు ఇవ్వడం మేలు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఈ తనిఖీ యంత్రం మొదలయ్యేటప్పుడే జరుగుతుంది. వాడుకలో ఉన్న డిస్కును సరిదిద్దబోతే మరింత చెడవచ్చును. కనుక నెలల తరబడి నిద్రపుచ్చుటే గాని ఆపని కంప్యూటరుకు గడువు దాటినా తనిఖీ జరగదు. విండోస్‌లో మాత్రం 2012 నాటి 8వ రూపం నుండి, యంత్రం నడుస్తుండగానే పరిశీలించే వీలున్నది.

పూర్వం కరణంగారి లెక్కలను ఏటా జమాబందీలో సరిచూసేవారు. లెక్క సరిపోయినంత మాత్రాన గాదెలోని ధాన్యానికి పురుగు పట్టలేదని అర్థం కాదు. ఈ తనిఖీయూ అంతే: చిట్టాను సరిదిద్దుతుంది గాని, ఫోటోలోని చెడిన భాగాన్ని గుర్తించదు, పోయినదానిని తిరిగి సృష్టించదు. కనుక తనిఖీకి గడువు పెట్టిన రోజుననే రెండవ ప్రతికీ గడువు పెట్టవలెను. ఆ ప్రతి మరొక డిస్కులో, వీలైతే మరొక ఊరిలోని బంధువుల ఇంట ఉండుట క్షేమం.