వేటకు తొలి విల్లు: ఎలా ఎంచుకోవాలి?

అక్టోబరు వచ్చేసరికి ఆఫీసులో సగం మంది జింకల వేట కబుర్లలో పడితే, ‘మనమూ ఒకసారి విల్లు పట్టి చూద్దామా’ అనిపించిన అమెరికా తెలుగువాళ్ల కోసం ఈ వ్యాసం. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కాబట్టి ఇందులో వేట ప్రస్తావనంతా అమెరికాకే పరిమితం. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో గురి పోటీల కోసం విల్లు కొనేవాళ్లకు కొలతల భాగం మాత్రం ఉపయోగపడుతుంది.

దుకాణంలో ముందుగా కంటపడేది వేగం అంకె: సెకనుకు 330 అడుగులు, 340 అడుగులు అని. ఆ అంకెను సాధారణంగా 70 పౌండ్ల బలంతో, 30 అంగుళాల లాగుడుతో, 350 గ్రెయిన్ల తేలిక బాణం వేసి కొలుస్తారు. మీ చేతులు పొట్టివైనా, మీ బాణం బరువైనదైనా అంత వేగం రాదు. అందుకే వేగాన్ని పక్కనపెట్టి మీ ఒంటి కొలతల నుంచి మొదలుపెట్టండి.

1. రకం తేల్చుకోండి

చక్రాలు లేని సంప్రదాయ విల్లులైన లాంగ్‌బో, రికర్వ్ చూడ్డానికి అందంగా, తేలిగ్గా ఉంటాయి. కానీ లాగినకొద్దీ వాటి బరువు పెరుగుతుంది, నారిని పట్టి ఉంచినంతసేపూ ఆ బరువంతా వేళ్ల మీదే ఉంటుంది. వాటితో వేటకు సరిపడా గురి కుదరాలంటే చాలాకాలం సాధన చేయాలి. తుపాకీలా ట్రిగ్గరుతో వదిలే క్రాస్‌బో త్వరగా పట్టుబడుతుంది గానీ కొన్ని రాష్ట్రాల్లో దానికి నిబంధనలు వేరు.

కొత్తవాళ్లకు నా ఓటు కాంపౌండ్ విల్లుకే. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్‌కు 1969లో పేటెంట్ వచ్చిన విల్లు ఇది. రెండు కొసల్లో ఉండే కామ్ చక్రాలు తిరిగి, పూర్తిగా లాగాక బరువును తగ్గించేస్తాయి. దీన్ని లెట్-ఆఫ్ అంటారు. 60 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్-ఆఫ్ ఉంటే, చివర్లో మీరు మోసేది 12 పౌండ్లే. జింక ఒక అడుగు ముందుకేసేదాకా లాగిపట్టి ఆగడానికి ఇది ఎంతో సాయం.

2. ఏ కన్ను బలమైనదో చూసుకోండి

రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, దూరంగా ఉన్న వస్తువును రెండు కళ్లతో అందులోంచి చూడండి. తర్వాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే కనిపిస్తుందో అదే మీ బలమైన కన్ను. అది కుడిదైతే కుడిచేతితో లాగే విల్లు, ఎడమదైతే ఎడమచేతి విల్లు తీసుకోవడం మేలు. కుడిచేతి వాటమై ఉండి ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్లు రెండు రకాలూ పట్టి చూసి తేల్చుకోవాలి.

3. డ్రా లెంగ్త్ కొలవండి

నారిని ఎంతదూరం లాగుతారన్నదే డ్రా లెంగ్త్. అన్నిటికన్నా ముఖ్యమైన కొలత ఇదే. గోడకు ఆనుకుని చేతులు రెండువైపులా చాచి, ఒక మధ్యవేలి కొస నుంచి మరో మధ్యవేలి కొసదాకా ఎవరిచేతనైనా కొలిపించి, దాన్ని 2.5తో భాగించండి. 68 అంగుళాలు వస్తే డ్రా లెంగ్త్ దాదాపు 27 అంగుళాలు. దుకాణంలో విల్లు పట్టుకుని నిలబడ్డాక అర అంగుళం అటూ ఇటూ మారొచ్చు.

ఈ కొలత మించితే విల్లు పట్టిన మోచెయ్యి బిగుసుకుపోతుంది, వదిలిన నారి ముంజేతిని చరుస్తుంది, గురి చెదురుతుంది. అనుమానంగా ఉంటే కాస్త పొట్టిదానివైపే మొగ్గండి.

4. డ్రా వెయిట్ దగ్గర గొప్పలకు పోవద్దు

విల్లును లాగడానికి పట్టే బలమే డ్రా వెయిట్. తొలి కొనుగోలులో ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. 70 పౌండ్ల విల్లు లాగగలనని చూపించుకోవాలనిపిస్తుంది. జింకకు అంత అవసరం లేదు. పదునైన ములికి ఉండి, దగ్గర నుంచి సరైన చోట తగిలితే 40–50 పౌండ్లు చాలు. కనీస బలం ఎంత ఉండాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: మినెసోటాలో జింకకు 30 పౌండ్లు, వాషింగ్టన్ రాష్ట్రంలో 40.

పరీక్ష తేలిక. కుర్చీలో కూర్చుని, బాణం పెట్టి, విల్లును గురివైపే ఉంచి నెమ్మదిగా లాగండి. విల్లును పైకెత్తి ఒళ్లు విరుచుకుంటే తప్ప లాగలేకపోతే అది మీకు బరువే. చలిలో గంటలకొద్దీ కదలకుండా కూర్చున్నాక లాగాల్సినప్పుడు ఇంకా కష్టమవుతుంది.

5. సర్దుకునే విల్లు కొనండి

డైమండ్ ఇన్ఫినిట్ ఎడ్జ్ ప్రో, బేర్ క్రూజర్ జీ2 వంటి మోడళ్లలో బలాన్ని 5 నుంచి 70 పౌండ్ల దాకా మార్చుకోవచ్చు, డ్రా లెంగ్త్‌నూ సర్దుకోవచ్చు. కండబలం పెరిగేకొద్దీ పెంచుకుంటూ పోతే మరో విల్లు కొనే పని ఉండదు. రెండు చక్రాల ఇరుసుల మధ్య 30–33 అంగుళాల పొడవున్న విల్లు చెట్టు మీది మంచెలోనూ ఇమిడిపోతుంది, చేతిలోనూ నిలకడగా ఉంటుంది.

6. మిగతా సామాను, బాణాలు

బాణం ఆనే రెస్ట్, గురిచూసే సైట్, నారిలో ఉండే చిన్న చూపుకన్నం పీప్, అమ్ములపొది కలిపి ప్యాకేజీగా అమ్ముతారు. మొదటిసారికి అదే లాభం. నారిని వదిలే రిలీజ్‌ను మాత్రం సాధారణంగా విడిగా కొనాలి. సైట్‌లో 20, 30, 40 గజాలకు మూడు పిన్నులు చాలు.

బాణాల దగ్గర పొదుపు చేయకండి. బాణం బిగువును స్పైన్ అంటారు. అది మీ విల్లు బలానికి, బాణం పొడవుకు, ములికి బరువుకు సరిపోవాలి. బాణం బరువు డ్రా వెయిట్‌లో ప్రతి పౌండుకు 5 గ్రెయిన్లకు తగ్గకూడదు. వేటకు అంతకన్నా బరువైనవే మేలు. సాధనకు మామూలు ములుకులు వాడినా, వేటకు ముందు పదునైన బ్రాడ్‌హెడ్‌లతో గురి మళ్లీ సరిచూసుకోవాలి.

7. దుకాణంలో, ఆ తర్వాత

ఆన్‌లైన్‌లో చవకగా వచ్చిందని తీసుకోకుండా, ఆర్చరీ దుకాణానికే వెళ్లి కనీసం మూడు విల్లులు వేసి చూడండి. కొలతలు అక్కడే సరిచేస్తారు. బాణం లేకుండా నారి లాగి వదలడం మాత్రం ఎన్నడూ చేయొద్దు: ఆ శక్తంతా విల్లులోనే పేలి వింటి కొమ్మలు (లింబ్‌లు) విరగొచ్చు, మీకూ దెబ్బ తగలొచ్చు.

లైసెన్సు సంగతి కూడా ముందే చూసుకోండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తి చేయాలి. మిగతా రాష్ట్రాల నిబంధనలు అక్కడి వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి.

చివరిగా ఒక్కమాట. జింక గుండె, ఊపిరితిత్తులున్న చోటు అన్నం తినే పళ్లెమంత కూడా ఉండదు. 20 గజాల నుంచి వేసిన ప్రతి బాణమూ అంత చోటులోనే పడేదాకా అడవికి వెళ్లకండి. ఒక సీజన్ ఆగడం వల్ల మీకు పోయేదేమీ లేదు. తొందరపడి వేసిన బాణానికి జింక గాయంతో పారిపోయి ఎక్కడో కుళ్లి చస్తుంది. విల్లు కొనేముందే ఈ బాధ్యతకు ఒప్పుకోండి.