లారీ టైరు ఒక పక్కే ఎందుకు అరుగుతుంది?

మా మామయ్య చేపల లారీ డ్రైవరు. కైకలూరు, ఆకివీడు చెరువుల దగ్గర ఐసు పెట్టెలతో లోడు ఎత్తుకుని హైవే ఎక్కుతాడు. దసరా సెలవుల్లో నేను వెళ్ళేసరికి ఇంట్లో అందరూ దిగాలుగా ఉన్నారు. ముందు టైర్లు కొత్తవి వేసి మూడు నెలలు కాలేదు, లోపలి అంచులు గుండు కొట్టించినట్టు నున్నగా అరిగిపోయాయి. "నీకు తోలటం చేతకాదు, టైర్ల డబ్బు జీతంలో కోస్తా" అన్నాడట ఓనరు.

మర్నాడు తాడేపల్లిగూడెంలో ఒక షెడ్డుకి మామయ్యతో నేనూ వెళ్ళాను. మేస్త్రీ ముందు కొలతలు తియ్యలేదు. గాలి చూశాడు. జాకీ పెట్టి చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటక మంది. మామయ్యని బ్రేకు తొక్కమన్నాడు. బేరింగు లూజయితే బ్రేకు తొక్కగానే ఊగటం ఆగుతుందట. ఇది ఆగలేదు. కాబట్టి అరిగినవి కింగ్‌పిన్ బుష్షులు. రెండు వారాల కిందట ఇంకోచోట ఇది చూడకుండానే అలైన్‌మెంట్ చేసి డబ్బులు తీసుకున్నారు! వదులు బండికి తీసిన కొలత షెడ్డు గుమ్మం దాటితే నిలవదు.

ఇక పాఠం. టో అంటే కాలివేళ్ళు. మనం పాదాలు లోపలికి తిప్పి నడిస్తే టో-ఇన్, బయటికి తిప్పితే టో-అవుట్. చక్రాలూ అంతే. కేంబర్ అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరగటం. కేస్టర్ తెలియాలంటే సైకిలు ముందు ఫోర్కు వాలు చూడండి, ఆ వాలు వల్లే హేండిల్ తిన్నగా నిలుస్తుంది. లారీకి ముందు ఇరుసు ఒకే దిమ్మ కనుక మామూలుగా టై రాడ్ తిప్పి టో ఒక్కటే సరిచేస్తారు. చాలా కార్లలో ముందు చక్రాలు వేటికవే ఊగుతాయి, వాటికి కేంబర్ కూడా చూడాలి.

మేస్త్రీ టైర్ల మధ్య సుద్దగీత గీసి టేపు పట్టాడు. వెనక వైపు కంటే ముందు వైపు 6 మి.మీ. ఎక్కువ. అంటే టో-అవుట్. ఇంతేనా అనుకున్నాను. కానీ లెక్క కట్టండి: ఒక్కో చక్రానికి 3 మి.మీ. టైరు ఎత్తు సుమారు 1 మీటరు. అంటే మీటరుకి 3 మి.మీ., కిలోమీటరుకి 3 మీటర్లు పక్కకి పోవాలని చూస్తుంది. రెండో చక్రం అటు లాగుతుంది. బండి తిన్నగానే పోతుంది, రబ్బరు మాత్రం రోడ్డుకి రాసుకుంటుంది. ఏలూరు నుంచి గూడెం దాదాపు 50 కిలోమీటర్లు. 150 మీటర్లు పక్కకి ఈడ్చినట్టే!

ఒక సంగతి. మనం ఎడమ పక్క నడుపుతాం, నీళ్ళు జారాలని రోడ్డుని అంచుకి వాలుగా వేస్తారు. అందుకని బండి కొద్దిగా ఎడమకి లాగితే అది దోషం కాదు.

మామయ్య అరిగిన బుష్షులు పాత పేపర్లో చుట్టి ఓనరు బల్ల మీద పెట్టాడు. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి సగం డబ్బే కోశాడు.